మూలవాసులతో సయోధ్య: ఆస్ట్రేలియాలో ఒక సహాయ సంస్థ రాప్ రాసి, అమలు చేసే పద్ధతి

వృద్ధుల సంరక్షణ, వికలాంగుల సేవలు, గృహహింస బాధితులకు ఆశ్రయం, కొత్త వలసదారులకు తోడ్పాటు. ఆస్ట్రేలియాలో ఇలాంటి పని చేసే సంస్థ ఏదైనా తీసుకోండి, దాని వెబ్‌సైట్ అడుగున రెండు జెండాలు, రెండు వాక్యాలు ఉంటాయి. ఈ నేల అసలు హక్కుదారులను గౌరవిస్తున్నాం, సయోధ్యకు కట్టుబడి ఉన్నాం అని. రాయడానికి పది నిమిషాలు పట్టని వాక్యాలవి. వాటికి తగ్గ పని జరగాలంటే మాత్రం డబ్బు, పని గంటలు, గడువు, జవాబు చెప్పాల్సిన హోదా నాలుగూ కావాలి. ఆ నాలుగింటినీ కాగితం మీదికి తెచ్చే పద్ధతి పేరు రికన్సిలియేషన్ యాక్షన్ ప్లాన్, వాడుకలో రాప్.

ఈ రంగంలో ఉద్యోగం చేసే తెలుగువాళ్లకు, సొంతంగా సేవా సంస్థ నడిపేవాళ్లకు, బోర్డుల్లో ఉన్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ పని చేతికొస్తుంది. మొక్కుబడిగా కానిచ్చేయకుండా ఎలా చేయాలో వరుసగా చూద్దాం.

మొదలుపెట్టే ముందు తెలియాల్సిన చరిత్ర

బ్రిటిష్ ప్రభుత్వం 1788లో ఈ ఖండంలో వలస స్థాపించినప్పుడు ఇక్కడి ప్రజలతో ఏ ఒప్పందమూ చేసుకోలేదు. వలసకు ముందే మూలవాసులకు నేల మీద హక్కు ఉందని దేశ అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు ఒప్పుకున్నది 1992 జూన్ 3న, మాబో తీర్పులో. ఆ దావా వేసిన, ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్న టోరెస్ జలసంధి వాసి ఎడ్డీ కోయికి మాబో అంతకు నాలుగు నెలల ముందే, జనవరిలో, చనిపోయాడు.

సహాయ సంస్థలకు ఇంకా దగ్గరగా తగిలే చరిత్ర మరొకటి ఉంది. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి హోమ్‌లలో, మిషన్లలో, తెల్లవారి ఇళ్లలో పెంచిన కాలం అది. 1910 నుంచి 1970 దాకా మూలవాసుల పిల్లల్లో ప్రాంతాన్ని బట్టి, కాలాన్ని బట్టి ప్రతి ముగ్గురిలో ఒకరి నుంచి ప్రతి పదిమందిలో ఒకరి దాకా ఇలా కుటుంబాలకు దూరమయ్యారని 1997 మే 26న పార్లమెంటు ముందుకొచ్చిన నివేదిక అంచనా. అందుకు ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2008 ఫిబ్రవరి 13న. ఆ హోమ్‌లు నడిపింది ప్రభుత్వమొక్కటే కాదు. చర్చిలూ, ధర్మసంస్థలూ నడిపాయి. ‘మీ మంచికే’ అంటూ వచ్చి పిల్లల్ని పట్టుకెళ్లింది సంక్షేమ శాఖ మనుషులే. అందుకే సాయం చేస్తామని తలుపు తెరిచి కూర్చుంటే మూలవాసులు వాళ్లంతట వాళ్లు లోపలికి రారు. మీ రాప్ జవాబు చెప్పాల్సిన అసలు ప్రశ్న ఇదే.

పోలీసు, జైలు కస్టడీలో మూలవాసుల మరణాలపై రాయల్ కమిషన్ 1991లో ఇచ్చిన చివరి సిఫారసు సయోధ్య గురించే. ఆ ఏడాదే పార్లమెంటు చట్టం చేసి ఒక మండలి పెట్టింది. దాని గడువు ముగిశాక 2001లో రికన్సిలియేషన్ ఆస్ట్రేలియా అనే స్వతంత్ర సంస్థ పుట్టింది. 2006 నుంచి రాప్‌లను పరిశీలించి ఆమోదించేది అదే. 2023 అక్టోబర్ 14న, రాజ్యాంగంలో మూలవాసుల వాణికి చోటివ్వాలా అని అడిగిన ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 60 శాతం మంది కాదన్నారు. ఆ తర్వాత కూడా ఉత్త మాటలు పట్టుకుని మూలవాసుల పెద్దల దగ్గరికి వెళ్తే వినే ఓపిక వాళ్లకు ఎందుకుండాలి?

మొదటి అడుగు: మీ ఆఫీసు ఎవరి నేల మీద ఉంది?

250కి పైగా భాషలు మాట్లాడిన ఖండం ఇది. ‘మూలవాసులు’ అంటే ఒకే జాతి అనుకోవద్దు. టోరెస్ జలసంధి ద్వీపాలవారి సంస్కృతి వేరు, జెండా కూడా వేరు. ముందు ఆఫీసు, శాఖలు, మీరు ఇంటికెళ్లి సేవ చేసే ప్రాంతాలు అన్నీ ఒక పట్టికలో రాసి, ఒక్కోదాని ఎదురుగా ఆ నేల హక్కుదారుల పేరు నింపండి. నడి సిడ్నీ గాడిగల్ వారిది. మనవాళ్లకు బాగా తెలిసిన హారిస్ పార్క్, పరమట్టా వైపు దారుగ్ నేల. పరమట్టా అన్న పేరే అక్కడి బుర్రమట్టగల్ వంశం నుంచి వచ్చింది. అడిలైడ్ కౌర్నా వారిది, పెర్త్ వాజుక్ నూంగార్ వారిది, డార్విన్ లరాకియా వారిది.

మూలవాసుల అధ్యయన సంస్థ అయాట్సిస్ ముద్రించిన మూలవాసుల ఆస్ట్రేలియా పటంతో పని మొదలుపెట్టవచ్చు కానీ అక్కడే ఆగకూడదు. అందులోని సరిహద్దులు కచ్చితం కావని ఆ పటం మీదే రాసి ఉంటుంది. విక్టోరియాలో అయితే 2006 నాటి వారసత్వ చట్టం కింద నమోదైన అబొరిజినల్ పార్టీల (నేల హక్కుదారుల సంస్థల) పటం చూడండి. న్యూ సౌత్ వేల్స్‌లో స్థానిక అబొరిజినల్ ల్యాండ్ కౌన్సిల్‌ను అడగండి. అప్పటికీ అనుమానం ఉంటే మునిసిపల్ కౌన్సిల్‌లో ఈ వ్యవహారాలు చూసే అధికారి దొరుకుతారు. మెల్‌బోర్న్‌లో వురుంజెరి, బునురోంగ్ వారి మధ్య సరిహద్దును 2021 జులై 1 నుంచి అధికారికంగా మార్చారు. అంతకుముందు రాయించిన పలక మీ గోడ మీద ఉంటే ఒకసారి సరిచూసుకోండి.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇంకోచోట. నేల హక్కుదారులు, ఆ ఊళ్లో ఉంటున్న మూలవాసులు, మూలవాసులే నడిపే సేవా సంస్థలు, ఈ ముగ్గురూ ఒకరు కాదు. మెల్‌బోర్న్‌లో మీతో పనిచేసే ఆమె యోర్టా యోర్టా మనిషి అయితే, వురుంజెరి నేల మీద అతిథులకు స్వాగతం పలికే అధికారం ఆమెకు లేదు. ‘మీరే కదా, రెండు మాటలు చెప్పేయండి’ అని అడిగితే ఆమెను ఇరకాటంలో పెట్టినట్టే.

రెండో అడుగు: ఏ రకం రాప్?

నాలుగు రకాలున్నాయి. రిఫ్లెక్ట్ 12 నుంచి 18 నెలలు. సంస్థ తన స్థితిని బేరీజు వేసుకుని పునాది వేసుకునే దశ. ఇనోవేట్ రెండేళ్లు, పనులు చేసి చూసే దశ. స్ట్రెచ్ మూడేళ్లు, అంకెల్లో లక్ష్యాలు పెట్టుకుని రోజువారీ పనిలో ఇమిడ్చే దశ. ఎలివేట్ కూడా మూడేళ్లే కానీ, పదిమందికి దారి చూపే స్థాయి సంస్థలకు.

మీది మొదటి రాప్ అయితే రిఫ్లెక్టే ఎంచుకోండి. మూలవాసుల సంస్థ ఒక్కదానితోనూ నడుస్తున్న సంబంధం లేని సంస్థ ఇనోవేట్ రాస్తే అది ఊహల చిట్టా అవుతుంది. రికన్సిలియేషన్ ఆస్ట్రేలియా వెబ్‌సైట్‌లో నమోదు చేసుకుంటే నమూనా పత్రం ఇస్తారు. వారి ఆమోదం రాకుండా మీ పత్రాన్ని రాప్ అని పిలవకూడదు, వారి గుర్తులు వాడకూడదు.

జీతం తీసుకునే సిబ్బంది ఒక్కరు కూడా లేని తెలుగు సంఘానికి ఇదంతా అక్కర్లేదు. రాప్ పని ప్రదేశాల కోసం. అలాంటి సంఘాలకు కింద సభా మర్యాదలు, కొనుగోళ్లు, తేదీల గురించి చెప్పింది చాలు.

మూడో అడుగు: బృందం, దానికో బడ్జెట్

ఆరు నుంచి పదిమంది దాకా ఉన్న కార్యబృందం సరిపోతుంది. అందులో మూలవాసుల ప్రాతినిధ్యం తప్పనిసరి. సిబ్బందిలో మూలవాసులు లేకపోతే బయటి నుంచి సలహాదారులను పిలవాలి, వాళ్ల సమయానికి డబ్బివ్వాలి. కన్సల్టెంటుకు గంటల లెక్కన చెల్లిస్తూ, పెద్దాయనకు టీ, బిస్కెట్లతో సరిపెట్టే సంస్థలు ఇప్పటికీ ఉన్నాయి. మీటింగ్ ఫీజు, ప్రయాణ ఖర్చు, ముందుగా చదవాల్సిన కాగితాలకు పట్టే సమయం అన్నీ కలిపి రేటు రాసి, మొదటి ఆహ్వానంతోనే పంపండి. ఆయనంతట ఆయన అడిగేదాకా ఆగొద్దు.

సిబ్బందిలో ఉన్న ఒకే ఒక్క మూలవాసి మీద ఈ భారమంతా పడటం అన్నిటికన్నా మామూలుగా జరిగే తప్పు. శిక్షణ ఇవ్వమని, పోస్టరు చూసిపెట్టమని, సభలో మాట్లాడమని, ప్రతి సందేహానికీ జవాబు చెప్పమని అడుగుతారు. అసలు ఉద్యోగం మాత్రం అలాగే ఉంటుంది. ఏడాది తిరగకముందే ఆమె రాజీనామా చేస్తుంది, రాప్ అక్కడే ఆగిపోతుంది. కాబట్టి పాల్గొనాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. పాల్గొంటే ఆ గంటలు ఉద్యోగ వివరణలో రాయాలి, అంతమేర వేరే పని తగ్గించాలి.

సమన్వయం చేసేవారికి, యాభైమంది సిబ్బంది ఉన్న సంస్థలో, వారానికి కనీసం ఒక పూర్తి రోజు కేటాయించండి. పై స్థాయిలో బాధ్యుడు సీఈఓ గానీ, బడ్జెట్ సంతకం చేయగల మరొకరు గానీ కావాలి. ఆ అధికారం లేని ఉత్సాహవంతుల చేతిలో పెడితే ప్రతి ఖర్చుకూ పైవాళ్లను బతిమాలుకోవాల్సి వస్తుంది. బడ్జెట్ పద్దుల్లో సలహాదారుల ఫీజు, స్వాగత కార్యక్రమాలు, శిక్షణ, శిక్షణకు వెళ్లినవారి స్థానంలో పనిచేసేవారి జీతం, కళాకారుల చెల్లింపు, పత్రం డిజైన్ ఉండాలి. నాలుగో పద్దును మరచిపోతే శిక్షణ ఎప్పుడూ ‘వచ్చే నెల’కు వాయిదా పడుతూనే ఉంటుంది.

నాలుగో అడుగు: సొంత పాత కాగితాలు తీయడం

మీ సంస్థ పాతదైతే, లేక పాత ధర్మసంస్థ ఏదైనా అందులో విలీనమై ఉంటే, రాప్ రాయకముందే ఇది తేలాలి. పిల్లల హోమ్, మిషన్, బాలికల శిక్షణాలయం వంటివి నడిపారా? నిర్వాహక కమిటీ పుస్తకాలు, ప్రవేశ రిజిస్టర్లు, ఫొటో ఆల్బమ్‌లు ఎక్కడున్నాయి? ఫైండ్ అండ్ కనెక్ట్ అనే జాలగూడు పాత హోమ్‌ల చరిత్రను, రికార్డులు ఎవరి దగ్గరున్నాయన్న సమాచారాన్ని అందిస్తుంది. అందులో మీ సంస్థ పేరు వెతకడంతో మొదలుపెట్టండి.

దొరికింది ఒక్క కాగితమైనా పారేయకండి. విడిపోయిన కుటుంబాలకు తమవాళ్ల ఆచూకీ తెలిపే ఆధారం అదొక్కటే కావచ్చు. అలాగని పేర్లు, ఫొటోలు తీసి వెబ్‌సైట్‌లో పెట్టకండి. ఆ కుటుంబాల కోసం పనిచేసే లింక్-అప్ సంస్థలను ముందు సంప్రదించండి. రికార్డు కావాలని ఎవరైనా అడిగితే ఎన్ని రోజుల్లో ఇస్తారు, చదివేటప్పుడు తోడు ఎవరుంటారు అన్నది రాతపూర్వకంగా పెట్టుకోండి. మీ హోమ్‌లో లైంగిక హింస జరిగి ఉండే అవకాశం ఉంటే, జాతీయ పరిహార పథకంలో సంస్థ చేరిందో లేదో చూడండి. 2018 జులై 1న మొదలైన ఆ పథకానికి దరఖాస్తుల గడువు 2027 జూన్ 30. అందులో చేరకుండా సయోధ్య పత్రం అచ్చువేస్తే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

ఐదో అడుగు: పత్రం రాయడం

సంబంధాలు, గౌరవం, అవకాశాలు, పాలన అనే నాలుగు శీర్షికల కింద రిఫ్లెక్ట్ నమూనాలో 13 చర్యలు ఉంటాయి. మూలవాసుల సంస్థలతో పరిచయం, జాతీయ సయోధ్య వారం, వివక్ష నిరోధం, సాంస్కృతిక శిక్షణ, సంప్రదాయ మర్యాదలు, మూలవాసుల పండుగ అయిన నైడాక్ వారం, ఉద్యోగాలు, కొనుగోళ్లు, కార్యబృందం, నివేదికలు ఇలాంటివి. ఒక్కో చర్య కింద చేయబోయే పనులు, ఒక్కో పనికి గడువు, ఒక్కో పనికి బాధ్యుడి హోదా రాయాలి. వ్యక్తి పేరు రాయొద్దు. మనిషి ఉద్యోగం మానేస్తే ఆ పని కూడా ఆయనతోపాటే వెళ్లిపోతుంది.

‘మూలవాసుల సంస్థలతో సంబంధాలు మెరుగుపరుస్తాం’ అన్నది పని కాదు, కోరిక. దాన్నే ఇలా రాయవచ్చు: ‘మా సేవా పరిధిలో మూలవాసులే నడిపే ఆరోగ్య, కుటుంబ సంస్థల జాబితా తయారుచేస్తాం; వాటిలో కనీసం రెండింటిని వాళ్ల ఆఫీసుల్లోనే కలిసి, మా నుంచి వారికేం కావాలో అడిగి, ఆ జవాబును బోర్డు ముందు పెడతాం. గడువు నవంబర్. బాధ్యత: సేవల విభాగం మేనేజర్.’ జరిగిందో లేదో ఎవరైనా చెప్పగలిగేలా ఉంటేనే ఆ వాక్యాన్ని ఉంచండి.

గడువులన్నీ చివరి నెలలో కుప్ప పోయకండి. జాబితాలు, పాలసీ సమీక్షలు మొదటి మూడు నెలల్లో వస్తే శిక్షణ మధ్యలో, ఉద్యోగ, కొనుగోలు వ్యూహాలు ఆ తర్వాత వస్తాయి. ఎక్కువ హామీలు ఇవ్వాలన్న సరదా కూడా అదుపులో పెట్టుకోవాలి. నమూనాలోని 13 చర్యలు చక్కగా చేస్తే మొదటి విడతకు అదే ఎక్కువ.

చిత్తుప్రతిని రికన్సిలియేషన్ ఆస్ట్రేలియాకు పంపితే సవరణలు సూచిస్తారు. రెండు, మూడు విడతలు అటూఇటూ తిరగడం మామూలే. షరతులతో ఆమోదం వచ్చాకే డిజైనర్‌కు పంపండి. ముందే రంగులు వేయించుకుంటే ప్రతి సవరణకూ మళ్లీ చెల్లించాలి. డిజైన్ చేసిన ప్రతి చూశాక తుది ఆమోదం ఇస్తారు. సయోధ్య వారంలో ఆవిష్కరించాలనుకుంటే చిత్తుప్రతి ముందటి ఏడాది చివరికి సిద్ధమవ్వాలి.

ఆరో అడుగు: ముందు గది నుంచి సేవ దాకా

చాలా రాప్‌లు ఈ భాగాన్ని ముట్టుకోవు. జెండాలు, భోజనాలు, పోస్టర్ల దగ్గరే ఆగిపోతాయి. సహాయ సంస్థకు అసలు పని ఇక్కడుంది.

నమోదు ఫారంతో మొదలుపెట్టండి. ‘మీరు అబొరిజినల్ లేదా టోరెస్ స్ట్రెయిట్ ఐలాండర్ మూలాలవారా?’ అన్నది ఆస్ట్రేలియా గణాంక సంస్థ వాడే ప్రామాణిక ప్రశ్న. ‘కాదు’, ‘అవును, అబొరిజినల్’, ‘అవును, టోరెస్ స్ట్రెయిట్ ఐలాండర్’ అన్నవి జవాబులు. రెండూ అయితే రెండూ గుర్తుపెట్టాలి. ఈ ప్రశ్న ప్రతి ఒక్కరినీ అడగాలి. ఒంటి రంగు చూసి అడగడం, చూసి మానేయడం రెండూ తప్పే. తెల్లని ఛాయ ఉన్న మూలవాసులు ఎందరో ఉన్నారు. జవాబు ఇవ్వనివారిని కంప్యూటర్ ‘కాదు’ కింద జమ చేస్తోందేమో చూడండి. ‘చెప్పలేదు’ అన్నదానికి వేరే గడి ఉండాలి, లేకపోతే మీ లెక్కలన్నీ తప్పే. మొదటిరోజు చెప్పనివారు నమ్మకం కుదిరాక చెప్పవచ్చు, కాబట్టి ఏటా సమీక్షలో మళ్లీ అడగండి. ఎందుకు అడుగుతున్నారో, ఎవరికి ఇస్తారో ఒక వాక్యంలో ముందే చెప్పాలి. రుజువు పత్రం మాత్రం అడగకండి.

తర్వాత అపాయింట్‌మెంట్ నిబంధనలు. ‘వరుసగా రెండుసార్లు రాకపోతే ఫైలు మూసేస్తాం’ అనే నియమం చాలాచోట్ల ఉంటుంది. బంధువు చనిపోతే మూలవాసుల కుటుంబాలు అంత్యక్రియలకు, సంతాప విధులకు చాలా దూరం వెళ్తాయి, రోజుల తరబడి అక్కడే ఉంటాయి. దాన్ని సారీ బిజినెస్ అంటారు. అలాంటప్పుడు ఫైలు మూస్తే ఆ కుటుంబం మళ్లీ రాదు. ఆ నియమానికి మినహాయింపు రాసి, దాన్ని వాడే అధికారం ముందు గదిలో కూర్చునేవారికే ఇవ్వండి.

ఫారంలో ‘దగ్గరి బంధువు’ అని ఒకే గడి ఉండటం ఇంకో చిక్కు. అక్కడి చాలా సమాజాల్లో తల్లి అక్కచెల్లెళ్లూ తల్లులే, తండ్రి అన్నదమ్ములూ తండ్రులే. పెద్దమ్మ, పిన్ని, పెదనాన్న, బాబాయిల మధ్య పెరిగిన తెలుగువాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. అయినా ఫారం దగ్గరికి వచ్చేసరికి మనమూ ‘తల్లి ఎవరు, ఒక్క పేరు చెప్పండి’ అనే అడుగుతాం. కనీసం మూడు పేర్లకు చోటు పెట్టండి. పిల్లల్ని ఎవరు చూసుకుంటున్నారు, నిర్ణయాల్లో ఎవరిని కలుపుకోవాలి అని విడివిడిగా అడగండి. కొన్ని విషయాలు మగవాళ్లు మగవాళ్లతోనే, ఆడవాళ్లు ఆడవాళ్లతోనే మాట్లాడతారు. సపోర్ట్ వర్కర్ ఎవరు కావాలో నమోదు రోజునే అడిగితే సరిపోతుంది.

మనిషి చనిపోయాక పేరు పలకడం, ఫొటో చూపడం చాలా సమాజాల్లో కూడదు. ఎంతకాలం అన్నది కుటుంబం చెప్పాలి. కరపత్రాల్లో, వెబ్‌సైట్‌లో ఉన్న ఫొటోల జాబితా ఒకటి ముందే ఉంటే కబురు అందిన రోజే తీసేయవచ్చు. యంత్రం పంపే పుట్టినరోజు సందేశాలు, బిల్లులు ఆపించడం కూడా ఆ రోజు పనే.

మూలవాసులే నడిపే సంస్థలకు పంపడంలో ఒక మెలిక ఉంది. సిడ్నీ రెడ్‌ఫర్న్‌లో 1971లో మొదలైన అబొరిజినల్ మెడికల్ సర్వీస్ తరహా సంస్థలు దేశమంతా ఉన్నాయి. అక్కడికి వెళ్లే అవకాశం ఉందని తప్పక చెప్పాలి, కానీ తోసేయకూడదు. చిన్న ఊళ్లో ఆ సంస్థలో బంధువులే పనిచేస్తుంటే, గుట్టుగా ఉండాలనుకున్నవారు మీ దగ్గరికే రావాలనుకోవచ్చు. నిర్ణయం వాళ్లది.

ఇక గ్రాంట్లు. మూలవాసుల సేవలకు ప్రభుత్వం టెండర్ పిలిస్తే, అనుభవమూ దరఖాస్తులు రాసే సిబ్బందీ ఉన్న పెద్ద సంస్థ గెలుచుకుంటుంది. ఆ తర్వాత ‘భాగస్వామ్యం’ కోసం మూలవాసుల సంస్థ తలుపు తడుతుంది. మూలవాసులకూ మిగతావారికీ మధ్య అంతరం తగ్గించడానికి 2020 జులైలో కుదిరిన క్లోజింగ్ ద గ్యాప్ జాతీయ ఒప్పందంలోని నాలుగు ప్రాధాన్య సంస్కరణల్లో రెండోది మూలవాసులే నడిపే రంగాన్ని బలపరచడం. కాబట్టి టెండర్ వెలువడగానే వాళ్లనే అడగండి: ‘మీరు వేస్తున్నారా?’ వాళ్లు వేస్తుంటే మీ సంస్థ తప్పుకోవాలి, లేదా వాళ్లు ప్రధాన కాంట్రాక్టరుగా, మీరు వాళ్ల కింద పనిచేసేలా మాట్లాడుకోండి. ఒప్పందంలో సిబ్బంది ఎవరి ఉద్యోగులు, నిర్వహణ ఖర్చుల వాటా ఎంత, సమాచారం ఎవరి సొత్తు, విడిపోతే క్లయింట్లు ఎటు వెళ్తారు అన్న నాలుగూ తేలాలి. బోర్డు ఈ పాలసీకి ఒప్పుకుంటుందా లేదా అన్నదాంట్లోనే ఆ సంస్థ సయోధ్యకు ఎంత కట్టుబడిందో తెలిసిపోతుంది.

ఉద్యోగాలు, సెలవులు

మూలవాసులకే కేటాయించిన ఉద్యోగం ప్రకటించడం వివక్ష కాదు. 1975 జాతి వివక్ష చట్టం 8వ సెక్షన్ ప్రత్యేక చర్యలను అనుమతిస్తుంది. విక్టోరియాలో 2010 సమాన అవకాశాల చట్టం 12వ సెక్షన్ ఉంది. మీ రాష్ట్రంలో ఏ చట్టం వర్తిస్తుందో ప్రకటనలోనే రాయండి. ఒక్కరిని ఒంటరిగా చేర్చుకోవడం కన్నా ఇద్దరిని కలిపి తీసుకుంటే నిలబడతారు.

సహాయ రంగానికి వర్తించే స్కాడ్స్ అవార్డు (జీతాలు, పని షరతుల నిబంధనావళి) ప్రకారం, సంప్రదాయ విధుల కోసం ఏడాదిలో 10 పనిదినాల దాకా, యజమాని అనుమతితో, జీతం లేని సెలవు దొరుకుతుంది. జాతీయ ఉద్యోగ ప్రమాణాల్లోని సంతాప సెలవు ఒక్కో సందర్భానికి రెండు రోజులే, అదీ సమీప కుటుంబానికి, ఒకే ఇంట్లో ఉండేవారికే. ఈ రెండూ చాలవు. జీతంతో కూడిన సాంస్కృతిక సెలవు ఒకటి పెట్టి, బంధుత్వాన్ని వాళ్ల లెక్కలోనే ఒప్పుకోండి.

కొనుగోళ్లు, బొమ్మలు

క్యాటరింగ్, స్టేషనరీ, తోటపని, ముద్రణ లాంటి మామూలు కొనుగోళ్లతో మొదలుపెట్టండి. మూలవాసుల వ్యాపారాల జాబితా నిర్వహించే సప్లై నేషన్ దగ్గర నమోదైన సంస్థలో మూలవాసుల వాటా కనీసం 50 శాతం ఉంటుంది. ధ్రువీకరించిన సంస్థ అయితే 51 శాతం లేదా ఎక్కువ వాటాతోపాటు నిర్వహణ, అదుపు కూడా వాళ్లవే. పేరుకు ఒక మూలవాసిని చూపించి లాభం వేరెవరో తీసుకునే బినామీ వ్యాపారాలున్నాయి, జాబితాలో తరచి చూసుకోవాలి. చిన్న సరఫరాదారులకు 60 రోజుల చెల్లింపు గడువు పెడితే వాళ్లు మునిగిపోతారు. 14 రోజుల్లో ఇవ్వండి.

రాప్ అట్టమీద చిత్రం కోసం ఇంటర్నెట్‌లో దొరికే చుక్కల బొమ్మ వాడొద్దు. చుక్కల చిత్రకళ 1971 తర్వాత మధ్య ఎడారిలోని పాపున్యా నుంచి ప్రపంచానికి తెలిసింది. దాన్ని తెచ్చి మెల్‌బోర్న్ సంస్థ అట్టకు అతికిస్తే అక్కడి వురుంజెరి వారిని పక్కకు నెట్టినట్టు. స్థానిక కళాకారులకు పని అప్పగించండి. చిత్రం కొన్నంత మాత్రాన కాపీరైటు మీది కాదు. పత్రంలో, వెబ్‌సైట్‌లో, టీషర్టుల మీద ఏయే వాడకానికి ఎంతకాలం అనుమతి ఉందో ఒప్పందంలో రాయించుకోండి. చిత్రాన్ని కత్తిరించాలన్నా, రంగు మార్చాలన్నా మళ్లీ అడగాలి.

సభల్లో మర్యాదలు

వెల్‌కమ్ టు కంట్రీ, అంటే తమ నేల మీదికి అతిథులకు స్వాగతం, పలకాల్సింది ఆ నేల హక్కుదారులే. దానికి రుసుము ఉంటుంది. మామూలు రోజుల్లో ఆరు వారాలు, సయోధ్య, నైడాక్ వారాల్లో మూడు నెలలు ముందుగా మాట్లాడుకోండి. అక్నాలెడ్జ్‌మెంట్, అంటే ఆ నేల హక్కుదారులను గుర్తుచేసుకుని గౌరవం తెలపడం, ఎవరైనా చెప్పవచ్చు. ఉగాది, దసరా సభల్లో తెలుగులో ఇలా అనవచ్చు: ‘మనం ఈ రోజు కలుసుకున్న ఈ నేల దారుగ్ ప్రజలది. వారు దీన్ని ఎన్నడూ వదులుకోలేదు. వారి పూర్వీకులకు, నేటి పెద్దలకు గౌరవం తెలుపుతున్నాం. ఈ సభలో ఉన్న అబొరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ఐలాండర్ మిత్రులకు నమస్కారం.’ ‘రాబోయే పెద్దలకు’ అన్న మాట కొందరికి నచ్చదు, స్థానికంగా అడిగి వాడండి. ‘మన అబొరిజినల్స్’ అనకండి, పేరును పొట్టి అక్షరాల్లోకి కుదించకండి.

పెద్దల స్వాగతం జ్యోతి ప్రజ్వలన కన్నా, ప్రార్థన కన్నా ముందు రావాలి. పెద్దలకు ముందు వరుసలో కుర్చీ, తీసుకొచ్చి దింపే కారు, ముందురోజే చెల్లింపు ఏర్పాటు చేయండి. కార్యక్రమం గంటన్నర ఆలస్యంగా మొదలయ్యే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. ఆకులు కాల్చి పొగ వేసే ధూప కర్మ (స్మోకింగ్ సెరిమనీ) కూడా ఉంటే ఆరుబయట పెట్టుకోండి, హాలు యాజమాన్యానికి రాతపూర్వకంగా చెప్పండి. పొగ సెన్సార్ మోగితే ఫైర్ ఇంజన్ వస్తుంది, బిల్లూ వస్తుంది.

జెండాల్లో అబొరిజినల్ జెండా హెరాల్డ్ థామస్ 1971లో గీసింది. 2022 నుంచి దాని కాపీరైటు కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉంది, ఎగరేయడానికి ఎవరినీ అడగక్కర్లేదు. బెర్నార్డ్ నామోక్ 1992లో గీసిన టోరెస్ జలసంధి జెండాను ముద్రించాలంటే మాత్రం టోరెస్ స్ట్రెయిట్ ఐలాండ్ రీజినల్ కౌన్సిల్ అనుమతి కావాలి.

క్యాలెండర్, నివేదిక

మే 26 సారీ డే. మే 27 నుంచి జూన్ 3 దాకా జాతీయ సయోధ్య వారం. మొదటి తేదీ మూలవాసుల విషయంలో రాజ్యాంగాన్ని మార్చిన 1967 రెఫరెండానిది, చివరి తేదీ మాబో తీర్పుది. జులై మొదటి ఆదివారం నుంచి రెండో ఆదివారం దాకా నైడాక్ వారం. సయోధ్య వారంలో పని చేయాల్సింది మిగతా ఆస్ట్రేలియన్లు. నైడాక్ మూలవాసుల పండుగ, అక్కడ మీరు అతిథులు. జనవరి 26, ఆస్ట్రేలియా డే, మూలవాసుల్లో చాలామందికి దుఃఖదినం. ఆ రోజు పనిచేసి వేరే రోజు సెలవు తీసుకునే వీలు సిబ్బందికి ఇవ్వవచ్చు.

నివేదికకు ఏటా మూడు తేదీలు గుర్తుంచుకోండి. జూన్‌లో రికన్సిలియేషన్ ఆస్ట్రేలియా దగ్గర మీ సంప్రదింపు వివరాలు సరిచూసుకోవాలి, ఆగస్టు 1 నాటికి రాప్ ఇంపాక్ట్ సర్వే లింకు అడగాలి, సెప్టెంబర్ 30లోగా సర్వే పూర్తిచేసి పంపాలి. సమన్వయకర్త ఉద్యోగం మారినప్పుడు ఆ లింకు పాత ఈమెయిల్‌కు వెళ్లి పోతుంటుంది, కాబట్టి ఒకరి పేరు మీద కాకుండా సంస్థ పేరు మీద ఒక చిరునామా పెట్టండి.

చేయలేకపోయిన పనులను బోర్డు నివేదికలో ‘కొనసాగుతోంది’ అని రాసి దాచకండి. ‘కాలేదు, కారణం ఇది, కొత్త గడువు ఇది’ అని రాసి, అదే కాగితాన్ని మీకు సలహా ఇచ్చిన పెద్దలకూ పంపండి. తర్వాతి రాప్‌కు పాతది ముగియడానికి ఆరు నెలల ముందే నమోదు చేసుకోవాలి. రిఫ్లెక్ట్‌లో సగం పనులే అయి ఉంటే ఇనోవేట్‌కు ఎగబాకకుండా మళ్లీ రిఫ్లెక్టే వేసుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు.